చుక్క రాలని వణుకు

ఉలాన్‌బాతర్‌లో జనవరి గాలికి దాహమెక్కువ.
బయట మైనస్ ముప్ఫై రెండు,
లోపల హీటర్ గొట్టాలు కాగి కాగి
గదిలో చెమ్మనంతా నాకేస్తాయి.
పెదవులు పగులుతాయి, రొట్టె రాయవుతుంది,
గడియ ముట్టుకుంటే చిటుక్కున నిప్పురవ్వ.
అన్నిటికన్నా ముందు ఎండేవి
కంటికి ఆనని నోళ్ళు,
ప్రింటర్ తల అడుగున బారులు తీరి
రంగుకి నూట ఎనభై.

వెంట్రుక దూరని బెజ్జాలవి.
ఒక్కోదాని అంచున సిరా
లోపలికి వంగిన పొరై నిలబడి ఉంటుంది
పిలుపు కోసం.
పిలుపు ఆలస్యమైతే
నీళ్ళు ఎగిరిపోతాయి, రంగు మిగులుతుంది,
పాల మీద మీగడలా తెట్టు కడుతుంది.
ఆ తర్వాత ఎంత తోసినా
పూడుకున్న గొంతు పలకదు.

"ముందు దాహం తీర్చు, తర్వాత పని చెప్పు"
అంది దుల్మా, నేను చేరిన రోజే.
పదహారేళ్ళు రైల్వే ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషి,
తడి సంగతి ఆమెకొకరు చెప్పాలా.
ప్రింటర్ కింద రెండు బేసిన్ల నీళ్ళు,
హీటర్ మీద పిండీ పిండని దుప్పటి,
గోడ మీద తేమ ముల్లు నలభై కిందికి దిగితే
నా మీద కేకలు.
గంటకోసారి ప్రతి బెజ్జమూ స్పాంజి మీద ఉమ్మాలి.
ఖరీదైన సిరా కదా అని గొణిగాను.
"ఉమ్మనివాడి నోరు కడిగేది నువ్వా?"

ఇవన్నీ సరే.
నాకు నచ్చింది మాత్రం ఆ వణుకు.

ఆకాశం గీస్తున్నంతసేపూ
ఎరుపుకి పనుండదు.
అప్పుడు కరెంటు
ఎర్రగదుల గోడల్ని ఊరికే గిల్లుతుంది,
చుక్క పడేంత కాదు.
పొర ముందుకూగి వెనక్కొస్తుంది,
అంచున చిక్కబడ్డది లోపలి పల్చనలో కలిసిపోతుంది.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే,
ఇది పెదవి దాటకుండానే
తడారకుండా ఉండే విద్య.

దుల్మా కూడా అంతే, పనిలో ఏదో కూనిరాగం.
పాటేంటని అడిగితే
"పాట కాదు. గొంతు ఎండకుండా."

ఆ రాత్రి మా చేతిలో ఉన్నది
బాసన్‌సురెన్ గారి బూడిదరంగు గుర్రం.
అయిదు మీటర్ల కాన్వాసు, అందులో మూడొంతులు నీలం.
రెండూ నలభైకి కరెంటు పోయింది.
తల ఆకాశం మధ్యలో ఆగిపోయింది,
మూత లేకుండా, నోళ్ళన్నీ తెరుచుకుని.

దుల్మా టార్చి పళ్ళతో కరుచుకుంది.
ఇద్దరం బండిని అంగుళం అంగుళం జరిపాం
నిద్రపోయిన పిల్లాణ్ణి జరిపినట్టు.
పళ్ళచక్రాన్ని ఆమె వేలితో తిప్పింది,
రబ్బరు మూత లేచి నోళ్ళను కప్పింది.
తర్వాత చీకట్లో మూడు గంటలు,
ఉప్పు టీ, ఆమె కూనిరాగం.
వణికించే కరెంటు లేదు మరి.

ఆరింటికి వెలుగొచ్చింది.
టెస్టు కాయితం మీద సన్నగీతల మెట్లు,
అన్నీ ఉన్నాయి,
నీలంలో నలభై మూడోది తప్ప.
రెండుసార్లు కడిగాం. పలకలేదు.
మూడోసారి నేను మీట నొక్కబోతే చెయ్యి పట్టుకుంది.
"చాలు. ఒకడి కోసం అందర్నీ అరగదియ్యకు."

పది గంటలకు బాసన్‌సురెన్ వచ్చాడు,
మంచు పట్టిన టోపీ తియ్యకుండానే చూశాడు.
నీలంలో దారమంత తెల్లగీత.
"విమానం పోయిన జాడ," అన్నాను తొందరపడి.
"ఆ రోజు విమానమేదీ పోలేదే."
దుల్మా కూనిరాగం ఆగింది.
ఆయన చాలాసేపు నిలబడి
"సరేలే. గుర్రం పైకి చూడటం లేదుగా,"
అని అయిదువేల తుగ్రిక్‌లు తగ్గించి ఇచ్చాడు.

సాయంత్రం బేసిన్లు నింపి
అలవాటుగా ఇంకో టెస్టు కాయితం తీశాను.
ఎవరూ కడగలేదు, ఎవరూ అడగలేదు.
నలభై మూడోది ఉంది,
పక్కగీతల కన్నా కాస్త వంకరగా.