దుంగ మీద మూడు మిల్లీమీటర్లు

ఊపిరి బిగబట్టు తార్వో, అంటుంది ఉర్వె.
బిగబడతాను.
నాచు మీద బోర్లా ఇద్దరం.
మోచేతుల కింద చెమ్మ నెమ్మదిగా పైకి పాకుతోంది.
ఎదురుగా, ఏ ఏట కూలిందో తెలియని బర్చ్ దుంగ మీద
ఆవగింజకి కాడ మొలిచినట్టు
ఒక గొడుగు.
నేను ఊపిరి వదిలితే ఊగిపోతుంది.

ఉర్వెకి అరవై ఎనిమిది.
ఎస్టోనియా దక్షిణపు కొసన, వోరు పట్నంలో
ముప్ఫయ్యేళ్ళు పళ్ళు చేసింది,
మైనంతో, పింగాణీతో, ఎవరెవరి నోళ్ళకో.
నా ముందుపన్ను ఆవిడ చేసిందే,
కొమ్మ తగిలి విరిగిన ఏడాది.
పక్కపన్ను పసుపు కూడా దాని మీదికి దించింది.
కాఫీ తాగేవాడివి,
తెల్లగా పెడితే అబద్ధం చెప్పినట్టుంటుంది, అని.

ఇప్పటికీ ఆ పనిముట్లే.
నోట్లో పెట్టే బుల్లి అద్దాన్ని గొడుగు కిందికి జార్చి
మడతలు లెక్కపెడుతుంది.
పదహారు. కాదు, పదిహేడు,
ఒకటి సగంలోనే ఆగిపోయింది.
పెరుగుడబ్బా మూతలోంచి టార్చి పట్టుకోవడం నా వంతు.
ఇంకొంచెం ఎడమకి. అంత కాదు.
వెన్నెల్లా కావాలి నాకు, పోలీసులా కాదు.

ముక్కలు ముక్కలుగా తీస్తుంది.
ఒక ఫొటోలో టోపీ అంచు మాత్రమే తేట,
ఇంకోదాంట్లో అంచు వెనక వెంట్రుకవాసి,
మిగతాదంతా పాలలో మునిగినట్టు.
నలభై తీసి, ఇంటికెళ్ళి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే
అప్పటికి ఒక పుట్టగొడుగు.
ముప్ఫై ఒకటోదాని దగ్గర
ఇసుకరేణువంత పురుగు, బూడిదరంగుది,
టోపీ ఎక్కి నిలబడింది.
పాడైపోయింది, అన్నాను.
నోర్ముయ్, అంది. సంతోషంతో గొంతు వణికింది.
పురుగు మీసం తుడుచుకుంది. దిగిపోయింది.
మళ్ళీ ఒకటి నుంచి.

నేనేం చేస్తానో ఆవిడకి తెలుసు.
సోమవారం నుంచి శుక్రవారం దాకా
గాజుగదిలో కూర్చుని రెండు జాయ్‌స్టిక్‌లు కదుపుతాను.
యంత్రం చెయ్యి చాచి స్ప్రూస్‌ని మెడ పట్టుకుంటుంది,
కోసి, పడుకోబెట్టి, కొమ్మలు ఒలిచి, కొలిచి తుంచుతుంది.
నలభై సెకన్లు.
లోపల వెచ్చగా ఉంటుంది. రేడియో పెట్టుకుంటాను.
చెట్టు పడ్డ చప్పుడు వినబడదు,
సీటులోంచి తెలుస్తుంది.

ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.
ఒక్కసారి, ఫ్లాస్కు మూతలో టీ పోస్తూ,
అంత ఎత్తునుంచి నేల ఏ రంగులో ఉంటుంది, అని అడిగింది.
గోధుమ, అన్నాను.
తలూపింది,
పన్ను రంగు చీటీతో పోల్చుకుంటున్నట్టు.

మొన్న బుధవారం తెర మీదికి కొత్త తునక పటం వచ్చింది.
ఆ వంపు గుర్తుపట్టాను.
వాగు, ఇల్లు పోయి మిగిలిన పొయ్యిరాళ్ళు,
శనివారాలు కారు ఆపే చోటు.
ఇంజను వేడెక్కేదాకా కూర్చున్నాను.
ఫోన్ తీశాను. పెట్టేశాను.
ఏమని చెప్పాలి, మూడు మిల్లీమీటర్ల గురించి?
ఈపాటికి అది ఎలాగూ వాడిపోయి ఉంటుంది.
నాలుగు రోజుల ఆయుష్షని ఆవిడే చెప్పింది.

ఆ దుంగ కోసం వెతికాను.
నిజంగానే వెతికాను.
పైనుంచి అన్ని దుంగలూ ఒకటే.
ఒకదాన్ని తప్పించి చుట్టూ తిరిగాను,
అదో కాదో.
చక్రం ఏదో వేరు మీదికెక్కి దిగినప్పుడు తెలిసింది,
రేడియో ఆపేసి ఉందని,
ఎప్పటినుంచో ఊపిరి బిగబట్టి ఉన్నానని.

శుక్రవారం రాత్రి ఫోన్ ఆవిడదే.
పురుగున్న ఫొటో పారెయ్యలేదట,
అదొక్కటే వంటింటి గోడకి తగిలించిందట.
రేపెక్కడికి వెళదాం, అంది.
నాలుక వెళ్ళి ముందుపన్ను వెనక తడుముకుంది.
అటు వద్దు, అన్నాను. వాగుకి ఇవతల.
కాసేపు అట్నుంచి ఏమీ లేదు,
గోడగడియారం తప్ప.
టార్చికి బ్యాటరీలు తెచ్చుకో, అంది.