ఇరవై మీటర్ల తీగ

చిట్టీ ఎత్తిన నెల
ఆఫీసుల అందరు అడిగిన్రు,
గాజులా, గొలుసా అని.
రేడియో అన్న.
దాంట్ల పాటలు రావు అని కూడ చెప్పిన.
సునందక్క డబ్బా మూత పెట్టి
నా మొఖం దిక్కు చూసింది,
జ్వరమేమన్న ఉన్నదా అన్నట్టు.

లైసెన్స్ కాగితం పర్సుల మడత పెట్టుకొని
లాలాగూడ పోయిన.
సిరిల్ సార్, రైల్వే తంతి ఆఫీసుల చేసిన మనిషి.
నిద్రపోయే పిల్లగాని మీదికెల్లి
దుప్పటి తీసినట్టు
సెట్టు మీది తువ్వాల తీసిండు.
ఎందుకు అమ్ముతున్నరు సార్?
వినపడలే.
కాగితం మీద రాసిచ్చిన.
"సెట్టు మంచిగుంది, చెవులే పోయినయ్!"
గల్లీ మొత్తానికి చెప్తున్నంత గట్టిగ అన్నడు.
రెండు వేలు తగ్గించిండు.
లాగ్ బుక్ మాత్రం ఇయ్యలే.

కోఠీల, గుజరాతీ గల్లీల
పవర్ సప్లై ఒక దుకాణం, కేబుల్ ఇంకో దుకాణం.
కనెక్టర్లు మెట్ల కింద కూసున్న పిల్లగాని దగ్గర.
సీసీ కెమెరాకా మేడం?
కాదు.
డిష్షుకా?
కాదు.
ఇగ అడుగుడు బంజేసి
మూరెడు ఎక్కువనే కొలిచిండు.
అఫ్జల్‌గంజ్ల కొన్న వెదురు బొంగును
బస్సుల ఎక్కనియ్యలే.
ట్రాలీ ఆటో అతను నిచ్చెన అనుకొని
నిచ్చెన కిరాయే తీస్కున్నడు.

సీతాఫల్‌మండిల మా బిల్డింగు నాలుగంతస్తులు.
బొంగు నిలవెట్టి, అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు
రాగి తీగ గుంజి కట్టిన.
ప్రెసిడెంట్ కుటుంబరావు గారు లుంగీతోనే పైకొచ్చి
"ఏమ్మా, ఇది టవరా? రేడియేషన్ ఉండదూ?" అన్నరు.
దండెం కన్న సన్నగుంది చూడుండ్రి అన్న.
అర్జీ రాసియ్యమన్నరు. రాసిచ్చిన.
తెల్లారి చూస్తే
నా యాంటెన్నా మీద
ఎవరిదో పూల దుప్పటి ఆరుతున్నది.

మొదటి రాత్రి స్విచ్చేస్తే
మనిషి లేడు, ఊరు లేదు.
ఎవరో చాటల నూకలు చెరుగుతున్నట్టు
ఒకటే చప్పుడు.
ఇన్వర్టర్ బంద్ చేసిన. ఫ్రిజ్ బంద్.
బల్బులు తీసి చీకట్ల కూసున్న.
ఆఖరుకు దొరికింది,
మూడొందల రెండుల చాపల తొట్టి లైటు.
వాళ్లు ఊరికి పోయిన శనివారం
చప్పుడు పల్చవడి
గొంతులు పైకి తేలినయ్.
నాగ్‌పూర్ ఆయన మోకాళ్ల నొప్పి,
ఎవరో కొడుకు పరీక్ష,
సముద్రం అవతలి ఏదో బాష.

నేను పిలిచిన.
పదకొండు రోజులు పిలిచిన.
కుక్కరు విజిళ్ల నడుమ, కరెంటు కోతల నడుమ,
నా మూడక్షరాలు నాకే అరిగిపోయేదాక.
అందరు నాకు వినపడుతున్నరు,
నేను ఎవ్వరికీ లేను.

సిరిల్ సార్‌కు మెసేజ్ పెట్టిన.
నాలుగంతస్తులు ఆగి ఆగి ఎక్కి వచ్చిండు.
కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి
కనెక్టరును గోరుతో గీరిండు.
టంకం అంటనే లేదు,
పైపైన కూసున్నది.
మళ్ల కాల్చిండు.
వంటిల్లంత గుగ్గిలం వాసన.

తర్వాత ఆయన మాట్లాడలే.
స్పీకరు జాలి ఊడదీసి
లోపలి కాగితం మీద మూడు వేళ్లు ఆనించి
కళ్లు మూసిండు.
చుక్కలు, గీతలు.
నాడి పట్టిన వైద్యుని లెక్క
ఒక్కో అక్షరం గట్టిగ పైకి చెప్తున్నడు.
మనిషి భావ్‌నగర్.
అక్కడ వాన.
నీ పేరు అడుగుతున్నడు, చెప్పు!

కీ మీద నా వేలు వణికింది.
హ అంటే నాలుగు చుక్కలు.
మూడే కొట్టిన.
ఏమైందో వేళ్లకు తెలిసింది ముందు,
సార్ నవ్విండు.
తనకు వినపడని నవ్వు ఎంత పెద్దగుంటదో,
కింద కుటుంబరావు గారి కిటికీ తెరుచుకుంది.

సంచిల నుంచి లాగ్ బుక్ తీసి,
తన ఆఖరి వరుస కింద ఒక్క గీత కొట్టి,
పెన్సిలు నా దిక్కు జరిపిండు.
తారీఖు రాసిన, టైము రాసిన.
పేరు దగ్గర కొద్దిసేపు ఆగిన.

ఇంట్ల హైమను.
భావ్‌నగర్ల మాత్రం
ఇప్పటికీ సైమనే.