చలిగోదాంల గొంగడి

జడ్చర్ల దాటినంక రోడ్డు పక్కన
మిరపకాయల చలిగోదాం.
బయట మే నెల, నలభై మూడు డిగ్రీల ఎండ.
తలుపు తీస్తే లోపల ఐదు.
ఒక్క అడుగుల రెండు కాలాలు దాటుత,
దినాం యాభై మాట్ల.

కంపెనీ ఇచ్చిన జాకెట్ నీలంది.
చెయ్యి ఆడిస్తే కవరు లెక్క చప్పుడు చేస్తది.
బస్తా మోస్తే చెమట పడుతది కద,
దాన్ని తాగదు, బయటికి పోనియ్యదు.
వీపు మీదనే నిలబెట్టి, చల్లగ చేసి
మళ్ల నాకే అప్పజెప్తది.
మూడు వారాలు దగ్గిన.

నాలుగో వారం
మా అవ్వ తిప్పమ్మ వడికిన గొంగడి తెచ్చుకున్న.

సూపర్‌వైజర్ శ్యాంసుందర్ నవ్విండు,
"ఏం బుగ్గప్పా, గొర్లు యాడ?"
హమాలీలందరు నవ్విన్రు. నేను గూడ.
నవ్వుకుంటనే కొప్పెర పెట్టుకున్న.

గుచ్చుతది. అబద్ధమెందుకు?
మెడకాడ, చెవి ఎనక
పాత బాకీ లెక్క గుచ్చుతది.
మెత్తటి ఉన్ని ఏ మంచు దేశం గొర్లకో ఉంటదట.
మాది తుమ్మముండ్ల నడుమ మేసిన నల్లగొర్రె,
మక్తల్ దిక్కు పరుపుబండల మీద పండుకున్నది.
దాని బొచ్చు పట్టులెక్క ఎట్లుంటది?

గొంగడిల వేడి లేదు.
దండెం మీదున్నప్పుడు ముట్టి చూడు, సల్లగనే ఉంటది.
మెలికలు తిరిగిన బొచ్చు
సందుసందుకు ఇంత గాలిని పట్టి కూసోబెడతది,
కదలనియ్యదు.
అవ్వ అనేది:
"అది నీకు ఏమియ్యదు బిడ్డా,
నీకున్నదాన్ని పోనియ్యదు."

చెమట గుంజుకుంటది. ఎంత గుంజినా
పైకి పొడిగనే అవుపడతది,
తాత పోయిన ఏడు
రాట్నం ముంగట కూసున్న అవ్వ లెక్క.

ఒకనాడు తలుపు కమ్మికి వెల్డింగ్ చేస్తుండిరి.
నిప్పురవ్వ ఎగిరి
ఆశన్న జాకెట్ మీద పడ్డది.
రూపాయి బిళ్లంత బొక్క, అంచులు కరిగి
బట్టా తోలూ ఒక్కటైనయ్.
నా భుజం మీద పడ్డది గూడ అసొంటి రవ్వనే.
కాలిన ఎంట్రుక వాసన కొట్టింది,
అంతల్నే సచ్చిపోయింది.
ఏళ్ల నడుమ నలిపితె నల్లటి పొడి.
ఆశన్న అప్పటిసంది గొర్ల మాట తీయలే.

"ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే" అంటరు.
అన్నోడెవడో గని
మంద ఎంబడి పోయినోడు కాదు.
ఈ గొంగడి కృష్ణ దాటింది, మళ్ల దాటింది.
వానల గుడిసె అయింది,
కొత్తగ ఈనిన గొర్రెపిల్లకు సంచి అయింది,
నేను పుట్టిన రాత్రి మా అమ్మ కింద పరుపయింది.
ఇప్పుడు ఆధార్ కార్డు చూపెట్టి
గేటు లోపలికొచ్చింది.

మందల నల్లగొర్రె లేదిప్పుడు.
ఎర్రగొర్రె వచ్చింది, నున్నటిది, మాంసానికి పనికొచ్చేది.
ఒకప్పుడు బొచ్చుకు పైసలొస్తుండె.
మిగిలిన నాలుగింటికి కత్తెరేయిస్తే
కత్తెరేసినోనికి మనమే కూలియ్యాలె,
బొచ్చేమో గాలికి కంపచెట్లకు తట్టుకుంటది.
అవ్వ రాట్నం మీద కోడి పొదుగుతున్నది.

మొన్న లెక్కలకని శ్యాంసుందర్ లోపలికొచ్చిండు.
రెండు చేతులు సంకల పెట్టుకొని
గొంగడి దిక్కు ఒకపాలి చూసిండు.
అడగలే.
నేను ఇయ్యలే.

మూడో అరల చింతపండు ఉంటది.
గింజ తీసి, చాపల చుట్టి, పేర్చిన చింతపండు.
అక్కడికి పోయినప్పుడల్లా
కొప్పెర లోపల్నుంచి పుల్లటి వాసన లేస్తది.
మొదలు బస్తాలదే అనుకున్న.
తరువాత యాదికొచ్చింది,
అవ్వ చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడకేసి
పోగులకు పట్టించిన గంజి అది.
ఇన్నేండ్లయినా నూలు ఇడిసిపెట్టలే.

పండు బస్తాల,
గింజ నా భుజాల మీద.
ఐదు డిగ్రీల చలిల
రెండింటి నడుమ కొంచెంసేపు నిలబడ్డ.
బయటినుంచి ఎవరో తలుపు కొడుతున్నరు,
లారీ వచ్చిందట.