ఆరున్నొక్కటి

ముందు చేతులు.
మజ్జిగలో ముంచి, కొబ్బరినూనె రాసి,
పాత చీర పేలికతో ఎంత తుడిచినా
వేలి సందుల్లో తేజా కాయ ఇంకా కాలుతానే ఉంటది.
అందుకే హుసేన్‌బీ నన్ను చేత్తో ముట్టదు.
నా మోచేతుల మీద తువ్వాలు వేసి
ఆ తువ్వాల్లోంచి పట్టుకుంటది.

ఏటుకూరు రోడ్డులో ఆమె అద్దె గది, దాని మీద డాబా.
రాత్రి తొమ్మిది. కరెంటుంది, లైటు మాత్రం వెయ్యం.
బోర్లించిన బకెట్టు మీద నేను.
నా వెనక ఆమె.
మధ్యలో నాలుగు మడతలేసిన గోతం,
ఆ గోతానికి ఆనించిన ఆమె మోకాలు.

యార్డు గేటు దగ్గర వైద్యశిబిరం పెట్టినప్పుడు
ఫిజియోథెరపీ చదివే పిల్ల ఒకతి నేర్పింది ఇది.
నా వీపు తడిమి "ఎన్నేళ్ళమ్మా?" అంది.
వయసనుకుని నలభై మూడన్నాను.
కాదంట, తొడిమలు తియ్యబట్టి ఎన్నేళ్ళని.
"ఒక్కళ్ళే చేసుకోలేరు, జత కావాలి" అంది.
జత అనగానే వరసలో ఆడాళ్ళంతా ఒకటే నవ్వు.
హుసేన్‌బీ నవ్వలా.
ఆ పిల్ల ఎక్కడ పట్టుకుందో
చూస్తా ఉంది.

చేతులు తల వెనక్కి. వేళ్ళు ముడి.
"మోచేతులు ముందుకు తొయ్యి సువార్తా, నేను ఆపుతా."
తోస్తాను. ఆపుద్ది.
పచ్చికాయని తొడిమ కూడా ఇంత గట్టిగా పట్టుకోదు.
"ఇక వదిలెయ్."
వదలడం నాకు రాదు.
వదిలానంటాను గానీ భుజాలు ఒప్పుకోవు,
కూలి డబ్బులు చేతిలో పడేదాకా
కదలని మనిషిలాగా కూర్చుంటాయి.
"వదిలెయ్యవే, మోసేది నేనేగా!"

ఊపిరి పీల్చమంటది.
ఇరవై రెండేళ్ళుగా సగం సగమే పీల్చినదాన్ని.
యార్డులో నిండా పీలిస్తే దగ్గు,
నేను దగ్గితే పక్కదానికి దగ్గు,
ఆపైన వరసంతా దగ్గు, మేస్త్రీ కేకలు.
ముక్కుకి కట్టిన కొంగు కింద
ఊపిరిని చిల్లర లెక్కన ఖర్చుపెట్టాను.

వంగడం మిరపకాయల దగ్గరే నేర్చానా అంటే,
అదీ అబద్ధమే.
పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ
నా భుజాలు రెండూ పట్టి ముందుకు నొక్కి
"ఏందా నడక, ఎదిగిన పిల్లవి" అంది.
రొమ్ము విరుచుకోడం మగోళ్ళకున్న మాట.
మాకున్నది పైట సర్దుకోడం.

లాగడం ఆమె వంతు, లెక్క నా వంతు.
మా నాయన కాటా దగ్గర పెట్టినట్టు
లాభం, అని మొదలెడతాను.
రెండు. మూడు.
లోపలెక్కడో ఎండు కందికట్టె చిటుక్కుమన్న చప్పుడు.
నాలుగు. "నొప్పా?"
"నొప్పి కాదు. లాగుతంది."
అయిదు.
చంకల కింద నుంచి రొమ్ము దాకా
ఎవరూ నడవని గట్టు ఒకటి ఉందని
ఇప్పుడే తెలుస్తంది నాకు.
ఆరు.
ఆ పై అంకె మా నాయన నోట పలికేవాడు కాదు.
పలికితే ఏడవమన్నట్టేనని
ఆరున్నొక్కటి అనేవాడు.
ఆరున్నొక్కటి.

అయినా వచ్చింది.
ముందు ఊపిరి, నిండా.
దాని కొంగు పట్టుకుని అది.

"ఘాటా?" అంది హుసేన్‌బీ.
ఊ, అన్నాను.
గాలి యార్డు వైపుకి వీస్తంది,
డాబా మీద ఘాటు లేదని ఇద్దరికీ తెలుసు.
ఆమె మోకాలు తియ్యలా, తువ్వాలు వదల్లా.
నిండు కాటా పళ్ళెం దించినట్టు మెల్లగా
నా చేతులు నాకు అప్పజెప్పింది.

లేచి నిలబడితే
పిట్టగోడ నిన్నటికన్నా బెత్తెడు కిందికుంది.
అవతల కోల్డు స్టోరేజీ ముందు
టిక్కీలెత్తిన లారీలు, పట్టాల తాళ్ళు బిగిస్తన్న కుర్రాళ్ళు.

బకెట్టు మీద ఆమె కూర్చుంది.
ఆమె వీపు నాదానికన్నా మొండిది.
గోతం మడిచి, మోకాలు ఆనించి,
తువ్వాలు వెయ్యబోతంటే
వెనక్కి తిరక్కుండానే అంది:
"నాకు ఆరు దాకానే లెక్కపెట్టు."