ఫోటో ఎత్తేవాడు

చిత్తూరులో మేము ఫోటో తీయం,
ఎత్తుతాం.
తీయడమంటే ఉన్నచోటు నుంచి లాక్కోవడం,
ఎత్తడమంటే కిందున్నదాన్ని
పదిమంది కళ్ళ దాకా తేవడం
అని ఇప్పుడు చెప్తున్నాను గానీ
ఇరవై ఏళ్ళు నేను ఎత్తింది పెళ్ళిళ్ళే.
తలంబ్రాలు గాల్లో ఉండగా ఆపేసి
ఆల్బం అట్టకు బంగారు అంచు వేయించి ఇచ్చేవాణ్ణి.

ఆ జూన్‌లో బంగారుపాళ్యం రోడ్డు పొడుగునా
తోతాపురి లోడ్లు కదలక నిలబడిపోయినాయి.
ఎండకు కాయలు ఉడికి
గాలంతా పులిసిన తీపి.
గుజ్జు ఫ్యాక్టరీ పక్క టీ అంగట్లో
ఒకామె గ్లాసు అందుకుంది,
వేళ్ళతో కాదు,
రెండు మణికట్ల నడుమ ఇరికించుకుని.
కుడి మణికట్టు మీద పచ్చబొట్టు తేలు,
తోక సగం చెరిగిపోయి.

"మొహం వద్దు సామీ" అనింది దేశమ్మ.
"మొహం కనపడితే మేస్త్రీ
రేపట్నించి వ్యాను ఎక్కనీడు."
సరే, చేతులే.
రాత్రి షిఫ్టు దిగిన పదకొండు మంది
గోనెసంచి పరిచి దానిమీద చేతులు పెట్టినారు,
ఎవరికో అప్పజెప్పేసినట్టు.
సొన తినేసిన తోలు.
గోళ్ళ కింద పసుపు, ఏ శుభకార్యానిదీ కాదు.
కత్తి జారినచోట చీరపీలిక.

"రేషన్ మిషన్లో నా ఏలిముద్ర పడదు సామీ,
మూడు తూర్లు పెట్టించి
నువ్వు నువ్వు కాదు పో అంటాడు ఆ పిల్లోడు.
సీజన్ అయిపోతే కొత్త తోలొస్తాది,
అప్పుడు మళ్ళా నేను నేనైతా."
నవ్వుతానే చెప్పింది.
నేను బిల్లుబుక్కు వెనక రాసుకున్నాను.

సోమవారం, అర్జీల రోజు,
కలెక్టరాఫీసు ఎదర తాడు కట్టి
పదకొండు ఫ్లెక్సీలు వేలాడదీసినాను.
ఇదేం జబ్బు అని అడిగినాడొకాయన.
ఒక పిల్ల తన అరచేయి ఆనించి కొలుచుకుంది.
తీసేయమనడానికి వచ్చిన కానిస్టేబులు
చాలాసేపు నిలబడి
"తాడు ఇంకొంచెం బిగించు, గాలికి ఊగుతాంది"
అని వెళ్ళిపోయినాడు.

మార్పు వచ్చిందా అంటారు.
వచ్చింది, కుంటుకుంటూ.
ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు యార్డు కడిగినారు.
గ్లౌజుల పెట్టె దిగింది,
అన్నీ మగవాళ్ళ సైజు.
రేషన్ అంగట్లో ముద్ర పడనివాళ్ళకు
ఒక నోటు పుస్తకం పెట్టినారు.
వ్యానులో మాత్రం ఒక సీటు ఖాళీ అయింది.

మొహం దాచినాను, తేలును దాచలేదు.
బాగుందని
నడిమధ్యన పెట్టింది కూడా నేనే.

తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదు నాకు.
దేశమ్మే బయటికొచ్చి
కొప్పు సర్దుకుని, కాయల క్రేటు బోర్లించి కూర్చుంది.
"ఇంకేం భయం. ఇప్పుడు ఎత్తు మొహం."

ఆ ఫోటో నా స్టూడియో అద్దాల్లో ఉంది,
ఇద్దరు పెళ్ళికూతుళ్ళ మధ్య.
కింద పేరు రాయమంది, రాసినాను.
చదువు రాదు గదా,
ఫ్రేము మీద వేలు ఆనించి
ఒక్కో అక్షరం మీదా నడిపించి చూసుకుంది.
అద్దం మీద మరక పడింది,
ఒక్క గీత కూడా లేని మరక.

దాన్ని నేను ఇంతవరకూ తుడవలేదు.