ఏడో స్క్రూ

హన్మకొండ చౌరస్తాల
జిరాక్స్ సెంటర్ మెట్ల కింద నా దుకాణం.
నిలబడితే తలకు మెట్టు తగుల్తది.
బోర్డు మీద స్వరూప కంప్యూటర్స్ అని ఉంటది,
వచ్చినోళ్లు మాత్రం నా మొకమే చూస్కుంట
"మెకానిక్ లేడా?" అంటరు.

ఇయ్యాల పొద్దుగాల పరకాల నుంచి
రైసుమిల్లు గుమస్తా ఒకాయన
ల్యాప్‌టాపును తువ్వాలల చుట్టి తెచ్చిండు,
రోగమొచ్చిన కోడిపిల్లను తెచ్చినట్టు.
"ఆన్ అయితలేదమ్మా,
కాంటా లెక్కలన్నీ అండ్లనే ఉన్నయి."
దులిపితే బల్లంత ఊక దుమ్ము.

బోర్లేస్తే అడుగున స్టిక్కర్:
మన దేశంలో తయారైంది.
మూడు రంగులూ ఉన్నయి, అంచుకు చెదిరి.
నవ్వొచ్చింది నాకు.
గసొంటియి కొన్ని వేలు అతికించిన నేను.

మడికొండ దారిల రేకుల షెడ్డు. రెండేండ్ల కొలువు.
తల్లిబోర్డు ఓడల వచ్చేది,
తెర ఓడల వచ్చేది,
వేలిగోరంత చిప్పు ఎన్ని సముద్రాలు దాటి వచ్చేదో.
ఆఖరికి స్క్రూలు సుత
లెక్కవెట్టిన సంచులల్ల వచ్చేటియి,
సంచి మీద మాకు చదువరాని అక్షరాలు.
పందొమ్మిది మందిమి వరుసగ కూసుంటుంటిమి.
నాది ఏడో స్క్రూ, కీలు పక్క మూలకు.
రోజుకు నాలుగువందల సార్లు ఏడో స్క్రూ.
ఎనిమిదోది తస్లీమ్‌ది.
మూతవడ్డంక అది దేశానిది.

రిబ్బన్ కత్తిరించినాయన
"ఈ గడ్డ మీద పుట్టిన యంత్రం" అన్నప్పుడు
తస్లీమ్ నా చెవుల అన్నది:
"పుట్టింది ఏడనో అక్కా,
ఈడ తొట్టెల్ల ఏస్తున్నం, గంతే."

ఒక వానకాలం ఓడ రాలే.
ఏ రేవులనో ఎవరికో ఎవరితోనో పడలేదట.
ఖాళీ బల్లల ముందు పదకొండు రోజులు
స్క్రూడ్రైవర్లు తుడుసుకుంట కూసున్నం.
పన్నెండోనాడు గేటుకు తాళం.
ఇప్పుడు అండ్ల విత్తనాల బస్తాలు.

చిప్పుల ఉండేదీ ఇసుకల ఉండేదీ ఒకటేనట,
మా తమ్ముడు చెప్పిండు.
మానేరు ఇసుక రాత్రిపూట లారీలెక్కి పోతనే ఉంటది,
చిప్పులకు కాదు, అపార్ట్‌మెంట్లకు.

మా తాత ఎలగందుల వెండితీగ పనోడు.
వెంట్రుకంత సన్నగ తీగ గుంజి
అత్తరుదాన్లు అల్లేటోడు.
ఆ వెండి ఏ దేశపు గనిదో ఆయనకు తెల్వది.
"వెండి మనది కాకున్నా అల్లిక మనది" అనేటోడు.
షెడ్డుల ఉన్నన్నాళ్లు
ఆ మాట నాకు ముల్లు లెక్క గుచ్చేది.
మేము అల్లింది ఏంది?

మూత విప్పుతున్న.
ఆరు స్క్రూలు తుప్పుకు మొరాయించినయి.
ఏడోది వేలితోనే కదిలింది.

చెయ్యి ఆగింది.

బిగించి, పావు మలుపు వెనక్కి:
గది నా అలవాటు.
మొత్తం బిగిస్తే మూత తెరిచినప్పుడల్లా
కీలు దగ్గర ప్లాస్టిక్ పగుల్తదని
మొదటి నెలలనే వేళ్లకు తెలిసింది.
సూపర్వైజర్ కాగితంల అది లేదు.
చూసినప్పుడల్లా తిట్టేటోడు.
ఇగో, కడమ మూలలు మూడూ చీలినయి.
ఈ మూల గీత సుత పడలే.

లోపల బోర్డు మీద ఒక దారి మాడిపోయింది,
పల్లేరు ముల్లంత పొడుగు.
తాత పట్టుకారు తీసిన.
పాత వైరుల నుంచి ఒక్క పోగు గుంజి,
ఊపిరి బిగవట్టి,
ఈ కొస నుంచి ఆ కొసకు.
ఫ్యాను తిరిగింది. మిగిలిన ఊక మొకాన కొట్టింది.

గుమస్తా లెక్కలు చూస్కొని ఊపిరి తీస్కున్నడు.
ఆరువందలిచ్చి, మెట్టుకు తల తాకకుండ వంగి అడిగిండు:
"ఇగ ఎన్నేండ్లొస్తదమ్మా?"

తల్లిబోర్డు సంగతి నాకు తెల్వదన్న.
ఈ మూల మాత్రం ఊడదన్న.