గాలిమాట

గాలిమాటలు నమ్మొద్దంటారు గానీ
ముప్పై ఏండ్లుగా నా కూడు అవే.
పామిడి కాడ, పెన్న వంతెనకు ఈపక్క,
తుమ్మకొమ్మకు వేలాడే పాత టైరు మీద
సున్నంతో రాసుంటాది: దస్తగిరి, పంకర్.
వత్తు మరిచినాడు రాసినోడు. అర్థమైతాది.

లారీ వచ్చి నిలబడితే
ఇనుప కడ్డీతో టైరును ఒక్కటి ఏస్తా.
నిండుగా ఉంటే ఠంగుమంటాది.
తక్కువైతే దబ్బుమంటాది,
తడిసిన గోనెసంచిని తన్నినట్టు.
పద్దెనిమిది టైర్ల బండి చుట్టూ
కొట్టుకుంటా ఒక చుట్టు తిరిగితే
ఏది అలిగిందో ఏది ఆకలిగొన్నదో
చెవే చెప్పేది.

మొన్న ఎండాకాలం, మిట్టమధ్యాన్నం,
తారుకు చెప్పు అతుక్కునే పొద్దులో
తెల్లటి పెద్దకారొకటి రోడ్డు దిగొచ్చింది.
అద్దం దించితే లోపలి చలి
నా ముఖానికి తగిలింది.
డ్రైవరు లాలెప్ప, ఆలూరు మనిషి,
"మామా, దీపం వెలిగింది చూడు" అన్నాడు.

దిగి చూస్తిమి. నాలుగు టైర్లూ ఒకే తీరు.
కొట్టినా.
ఠంగూ లేదు, దబ్బూ లేదు.
బలిసిన టైర్లు అవి,
కడుపులో ఏమున్నా పైకి చెప్పవు,
పెండ్లిచూపుల్లో బొజ్జ బిగబట్టి కూచున్న
మగపెండ్లివారి మాదిరి.

లోపల అద్దం మీద మాత్రం
పసుపుపచ్చ లాడం, దాని నడుమ ఆశ్చర్యార్థకం.
పక్కన అంకెలు:
ముప్పైమూడు, ముప్పైమూడు, ముప్పైనాలుగు.
వెనక ఎడమది ఇరవైమూడు.
చూస్తుండగానే ఇరవైరెండు.

వెనక సీట్లో సారు
ఫోన్లోంచి తల ఎత్తకుండానే
"ఆ సెన్సరే చెడిపోయుంటుంది, పోనీయ్" అన్నాడు.
లాలెప్ప పోనీయలే.

తొట్టిలో తిప్పితే
చీమ ఊపిరంత బుడగ.
రేకులు బిగించే మర.
తల అరిగి అరిగి వెండిలాగ మెరుస్తాంది.
ఎన్నూర్ల నుంచి గుచ్చుకొని వస్తాందో!
ఇంకో అరగంట ఇదే వేగంలో పోయుంటే
గార్లదిన్నె కాడ ఏమయ్యేదో
నేను అనలే, సారు అడగలే.

జనం అనుకుంటారు, టైరు పేలితే నాకు పండగని.
పేలితే నాకేమొస్తాది?
క్రేనోనికొస్తాది, ఆసుపత్రోనికొస్తాది,
పేపరోనికి నాలుగు వరసలొస్తాయి.
మెల్లగా కారే గాలిలోనే నా నూటయాభై.
ఆ పసుపు దీపం
నాకు బేరం పంపే చుట్టం.

మొదట్లో ఆ చుట్టరికం తెలీదు.
నాలుగేండ్ల కింద ఇట్లాంటి కారుకే
వాల్వు పక్కన కడ్డీ దూర్చి ఎత్తితే
టక్కుమనింది.
చిక్కుడుగింజంత నల్లటి వస్తువు
డిస్కు లోపల మెడ విరిగి పడింది.
ఏడువేల రెండొందలు.
రెండు మేకపోతులు అమ్మి కట్టినా.
అప్పట్నుంచి వాల్వుకు ఎదురుపక్క మొదలుపెడతా,
పసిబిడ్డ తలకింద చెయ్యి పెట్టినట్టు.

దానికీ అన్నీ తెలీవులే.
ఎంత పోయిందో చెప్తాది, ఎందుకు పోయిందో చెప్పదు.
పక్కగోడ చీలుకుందని చెప్పదు.
అరిగి నున్నగైన రబ్బరు దానికి కనపడదు.
అదొచ్చేది కూడా యాడికి?
చలికారుకు నాలుగు గింజలు.
బండలు మోసే లారీకి ఒక్కటీ లేదు.
మిరపకోతకు పద్నాలుగు మందిని ఎక్కించుకొని
తెల్లారి నా ముందే పోయే ఆటోకు
ముందు చక్రం తెల్లగా గుడ్డ తేలింది.
పిలిచి ఊరికే గాలి కొడతా.
అంతే నా చేతనయ్యేది.

ఇంకొక మాట, ఇంట్లో కూడా చెప్పలే.
ముప్పై ఏండ్లు కంప్రెసరు పక్కన నిలబడిన చెవి
ఈమధ్య ఠంగునూ దబ్బునూ ఒకటే చేస్తాంది.
తేడా అరచేతికి తెలుస్తాంది, కడ్డీ అదిరే తీరులో.
అందుకే గట్టిగా పట్టుకుంటా.
లారీవాళ్లు నాకు వయసు మీద పడిందనుకుంటారు.

విరిగిన ఆ గింజ ఇంకా నాకాడే ఉంది,
సున్నం డబ్బాలో, పాత వాల్వుల మధ్య.
దాంట్లో బ్యాటరీ పదేండ్లుంటాదని లాలెప్ప అన్నాడు.
అంటే ఇప్పుడు కూడా
యాడికి పోయిందో తెలీని కారుకు
అది చెప్తానే ఉండాల:
గాలి లేదు, గాలి లేదు.

బయట పెన్న ఇసకను ఎత్తుకొని
షట్టరును దబదబ బాదుతాంది సుడిగాలి.